పెచ్చులూడిన పిస్తోలు

వెర్లీన్ టాకెట్ నోరు మూసుకుని నిలబడడం ఆ హాల్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఒహాయోలో మా కౌంటీ ఫెయిర్ మైదానం పక్కనున్న ఆ రేకుల హాల్లో నెలకోసారి పాత తుపాకుల సంత జరుగుతుంది. అక్కడ వెర్లీన్‌కి ఒక బల్ల ఉంది. దాని మీద అమ్మే సరుకు ఏమీ ఉండదు. ఒక దీపం, ఒక భూతద్దం, ఒక మెత్తని గుడ్డ, ఒక అట్టముక్క. అట్టమీద రాసింది ఇంతే: "చూపించండి. నేను కొనను."

వెర్లీన్ కారు బంపర్లకు మెరుగుపెట్టే ఫ్యాక్టరీలో చక్రం ముందు నిలబడి వయసంతా ఖర్చు చేసింది. యూనియన్‌లో మేనేజర్ల మీద గొంతు చించుకుంది. ఫ్యాక్టరీని యజమానులు వేరేచోటికి ఎత్తుకుపోయారు, గొంతు మాత్రం మిగిలింది. వెర్లీన్ నాన్న పోయినప్పుడు, కొరియా యుద్ధం నుంచి ఆయన తెచ్చుకున్న పిస్తోలును అమ్మ ఇదే హాల్లో ఒక వ్యాపారికి మూడొందల డాలర్లకి ఇచ్చేసింది. మరుసటి నెల అదే పిస్తోలు అద్దం కింద పన్నెండొందల చీటీతో కనిపించింది. అమ్మ దాని ముందు నిలబడి, "ఎవరిదో గానీ మన దానిలాగే ఉందే" అంది. వెర్లీన్ ఆ మాట ఈనాటికీ మర్చిపోలేదు. ఆ రోజు నుంచే పాత తుపాకుల విలువ కట్టడం నేర్చుకోవడం మొదలుపెట్టింది.

అయితే ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉంది. వస్తువు వ్యాపారి బల్లమీద ఉన్నంతసేపూ బేరం ఆ ఇద్దరిదే. మూడోమనిషి నోరు విప్పకూడదు, విప్పితే బల్ల పోతుంది. న్యాయంగా కనిపించే కట్టుబాటే. కానీ ఒకడికి అంతా తెలిసి, రెండోవాళ్లకి ఏమీ తెలియని బేరంలో మూడోమనిషి మౌనం ఎవరికి పనికొస్తుంది? వెర్లీన్ రెండుసార్లు దాన్ని మీరింది. "ఇంకోసారైతే తలుపు అటు" అని క్లబ్బు పెద్ద ఫెన్‌స్టర్‌మేకర్ తేల్చి చెప్పేశాడు.

ఆ శనివారం ఒరేథా గేథర్ అనే పెద్దావిడ ఫ్లానెల్ గుడ్డలో చుట్టిన పిస్తోలుతో వచ్చింది. తలుపు దగ్గర మనిషి అది ఖాళీదేనని చూసి, మీట కదలకుండా ప్లాస్టిక్ పట్టీ బిగించాడు. ఆవిడ తిన్నగా మొదటి బల్లకే వెళ్లింది. అది డ్వైట్ ప్రూయిట్ బల్ల. ఎదురుగా వెర్లీన్.

"మా మామగారిదండి. మొదటి యుద్ధంలో నల్లవాళ్ల పటాలంలో ఫ్రాన్సుకి వెళ్లారు" అంది ఒరేథా. "ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నేసు చచ్చిపోయింది. మంచు పడేలోగా కొత్తది పెట్టించాలి. మూడువేలంటున్నారు."

యూనిఫాం వేసుకుని ఇంటికొస్తున్న ఆయన్ని జార్జియా రాష్ట్రంలో రైలు స్టేషన్‌లో తెల్లవాళ్ల బెంచీ మీద కూర్చోనివ్వలేదు. ఆ పిస్తోలు పిండిడబ్బా అడుగున దాక్కుని ఆయనతోపాటే ఒహాయోకి వలసొచ్చింది. ఆ సంగతి ఒరేథా డ్వైట్‌కి చెప్పలేదు.

డ్వైట్ పిస్తోలును తిప్పి తిప్పి చూసి పెదవి విరిచాడు. "అమ్మా, దీనికి ఎవరో ఇంట్లో నల్లరంగు వేశారు. చూడు, పెచ్చులు ఎలా లేచిపోతున్నాయో. కింద గీతలు కూడా సాఫు చెయ్యలేదు. ఏడొందలు. అదీ నీ ముఖం చూసి."

వెర్లీన్ నాలుక పళ్లమధ్య నొక్కిపట్టుకుంది. ముఖం ఎర్రబడింది. ఉన్నట్టుండి హాలంతా వినిపించేలా అరిచింది.

"ఏవండీ! చర్చి ఆడవాళ్లు చేసిన పీచ్ పై మిఠాయి అయిపోవస్తోంది! తినేసొచ్చి అమ్ముకోండి!"

"వెర్లీన్! కట్టుబాటు!" అన్నాడు డ్వైట్.

"పీచ్ పై గురించి కట్టుబాటు లేదుగా, నాయనా."

ఒరేథా నలభై ఏళ్లు బడి వంటగదిలో పిల్లల ముఖాలు చదివిన మనిషి. వెర్లీన్ ముఖం చూసింది, ఆ మొండి కళ్లు చూసింది. పిస్తోలు తీసి గుడ్డలో చుట్టేసింది. "పీచ్ పై అంటే నాకు ప్రాణం" అంది. వస్తువు బల్ల దిగింది. బేరం చెడింది.

వెర్లీన్ బల్ల దగ్గర ఒరేథా కూలబడి, "ఇప్పుడు చెప్పమ్మా, ఎంత చేస్తుంది?" అంది.

"నేను చెప్పను."

"అదేం చోద్యం?"

"నేను చెబితే అది నా మాటవుతుంది. వాడి బల్ల ముందు నా మాట చెల్లదు, మీదే చెల్లాలి. ఇదిగో, ఈ రెండూ పట్టుకోండి."

రెండు ఉక్కుముక్కలు చేతిలో పెట్టింది. ఒకే అచ్చు, ఒకే అక్షరాలు. ఒకదాన్ని వెర్లీన్ ఎప్పుడో మెరుగు చక్రంమీద పట్టి ఉంచింది. ఒరేథా బొటనవేలితో తడిమింది. "దీని అంచు తెగేలా ఉంది. దీనిది గుండ్రంగా అయిపోయింది. అక్షరాలు కూడా అణిగిపోయాయి."

"చక్రం తగిలితే అంతే. ఇక మీదాన్ని తడమండి."

అంచులు పదునుగా ఉన్నాయి. అక్షరాల చుట్టూ పైకి లేచిన ఉక్కు వేలికి గుచ్చుకుంది. "మరి ఈ పెచ్చులు? నా ఇనప పెనం మీద నల్లపొర ఇలాగే లేస్తుంది."

"యుద్ధం ఆఖరి ఏడాది. సైన్యం తుపాకులు తెమ్మని గోల. మెరుగు పెట్టే తీరిక పనివాళ్లకి లేదు. కోత గీతలమీదే నల్లపొర ఎక్కించి పంపేశారు. అందుకే నిలవలేదు. ఆ గీతలు వాళ్లు పడిన తొందర. ఇంకెవడూ ముట్టుకోలేదనడానికి, అసలుదేననడానికి అదే సాక్ష్యం."

"అంటే వాడు తప్పని చూపించిందే..."

"నన్నడక్కండి, మీరే అనండి."

తర్వాత ఇద్దరూ హాలంతా తిరిగారు. అలాంటివే నాలుగైదు చూశారు. "చీటీ మీదుండేది వాళ్ల ఆశ. నిజంగా ఎంతకి పోయిందో అడగండి" అని వెర్లీన్ చెవిలో ఊదింది. మంచివి మూడున్నర వేలకి పోతున్నాయి. ఒరేథా దాని కర్రపిడి పగిలింది, తూటాలు పెట్టే మ్యాగజైన్ తర్వాతి కాలంది. ఆవిడ కాసేపు పెదవులు కదిపి, "మూడువేల రెండొందలు" అంది.

"నా నోట్లో మాట లాక్కున్నారు."

ఒరేథా మళ్లీ డ్వైట్ బల్లకి వెళ్లింది. వెర్లీన్ వెనకే వెళ్లి రెండు చేతులూ కట్టుకుని, పెదవులు బిగించి నిలబడింది. చుట్టూ జనం మూగారు. వెర్లీన్ మౌనమే వాళ్లకి పెద్ద వింత.

డ్వైట్ అద్దం కింద అదే రకం పిస్తోలు నిగనిగలాడుతోంది. "అసలు సరుకు, నాలుగువేలు" అని చీటీ.

"ముట్టుకోవచ్చా, బాబూ?" అని అడిగి ఒరేథా దాన్ని వెర్లీన్ భూతద్దం కింద పెట్టింది. "అయ్యో, దీని పేరు అరిగిన సబ్బుబిళ్ల మీద పేరులా ఉందే. అంచులు చూడు, మా మనవడి బుగ్గల్లా గుండ్రంగా ఉన్నాయి. ఇది చక్రం ఎక్కిన సరుకు నాయనా. నాదానికే ఏడొందలన్నావు. ఇది నాకు ఐదొందలకిస్తావా?"

హాలు ఘొల్లుమంది. డ్వైట్ భూతద్దం తీసుకుని తనదాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. "నాకూ అసలుదనే అమ్మారు" అన్నాడు నీరసంగా. నిజమే కావచ్చు. చీటీ మాత్రం తీసేశాడు.

జనంలోంచి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన లేలండ్ యోడర్ ముందుకొచ్చాడు. ఒరేథాదాన్ని భూతద్దంతో చూశాడు. "మూడువేలు ఇస్తాను."

"రెండొందలు తగ్గింది."

"పిడి పగిలిందిగా?"

"పగిలిందని ముందే తీసేశాను."

యోడర్ నవ్వి, అడిగినంతా ఇచ్చాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అప్పటిదాకా బిగబట్టుకున్న వెర్లీన్ ఒక్క ఈల వేసింది. రేకులు అదిరాయి. ఫెన్‌స్టర్‌మేకర్ ఆమెవైపు చూసి, కట్టుబాటులో ఈల గురించి ఏమీ లేదని గుర్తొచ్చినట్టు తల తిప్పుకున్నాడు.

మంచు పడకముందే ఒరేథా ఇల్లు వెచ్చబడింది. మరుసటి నెల సంతలో ఆ బల్ల వెనక రెండో కుర్చీ పడింది. ఒరేథా ఉక్కుముక్కలు పట్టుకుని, కొత్తగా వచ్చిన ఒకావిడతో "నేను చెప్పను, నువ్వే తడుము" అంటోంది. అట్టముక్క మీద పాత మాట కొట్టేసి ఉంది. ఇప్పుడు అక్కడ ఇలా ఉంది: "చూపించండి. మేము కొనం."