మూయని గీత

పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లగానే తడిమట్టి వాసన లేస్తుంది. ముగ్గుపిండి వేళ్ల మధ్యకు రాగానే నాకు సౌదీలోని బురైదా ఊరు గుర్తొస్తుంది, రజియా మేడం గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూడలేదు కాబట్టి చెబుతాను. ఆమెది కడప. అక్కడ మన దేశం పిల్లలు చదివే బడిలో భూగోళం చెప్పేది. నేను అదే బడిలో ఆయాను. మాది జగిత్యాల వైపు, చదువు ఏడో తరగతితో ఆగింది. టీ తీసుకెళ్లినప్పుడల్లా ఆమె ఫోన్లో నాస్కా బొమ్మలు చూపించేది. పెరూ అనే దేశంలో ఎడారి అట. ఎప్పటి కాలం మనుషులో, పైనున్న నల్లరాళ్లు ఏరి పక్కకు పెడితే, కింది తెల్లమట్టి బయటపడి పెద్ద పిట్ట అయింది. పైనుంచి చూస్తేగాని మొత్తం కనబడదు.

"ఎగరరానోళ్లు ఎట్ల గీసిన్రు మేడం?" అని అడిగాను.

"అదే కదమ్మీ, నేను ఇన్నేండ్లుగా రాస్తాండేది. తాడు, మేకులు, నలుగురు మనుషులుంటే చాలంటాండా. చదివినోళ్లు చేసి చూపీ అంటాండారు."

చూపించేలోపే బయటిదేశం వాళ్ల మీద లెవీ అని పన్ను వచ్చిపడింది. ఇంట్లో ఒక్కొక్కరి మీదా నెలనెలా కట్టలేక కుటుంబాలు వెళ్లిపోయాయి, బడి సగం ఖాళీ అయింది. ఉద్యోగాలు ముందు తమవాళ్లకే అనే నితాకాత్ చట్టంలో మేడం భర్త ఉద్యోగం సౌదీ వాళ్లకు పోయింది. ఇద్దరికీ దేశం వదిలి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఆమెకు మిగిలింది ఒక్క సెలవు, శుక్రవారం; ఆ రోజే ఊరి బయట ఎడారిలో పిట్టను గీసి చూపిస్తానంది.

మా బడి మేనేజరు నవ్వాడు. "పోయేటోళ్లకు పిట్టలెందుకు? స్వరూపా, నువ్వు గూడ ఆమె ఎంబడి పోతే సెలవులైనంక ఆదివారం పనికి రాకు."

"రాను తియ్యిండ్రి సార్," అన్నాను. నా నోరు అంతే.

మా ఆయన ఖర్జూరతోటలో డ్రైవరు. బండి ఆయనే తోలాడు. మేడం, ఆమె భర్త, మేమిద్దరం, సరిగ్గా నలుగురం. బట్టలారేసే తాడు, గుడారం మేకులు. కాగితం మీది చిన్న పిట్టను ఆమె తాడుతో కొలిచి నేల మీద పెంచుతూ పోతుంటే, మేము వంగి రాళ్లు ఏరాము. చివరి రెక్క నాది. తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి గీతకు గీత కలిపేశాను. ముగ్గులో గీత కలపకుండా వదిలితే మా అమ్మ వీపు మోగించేది మరి.

"ఏం చేస్తివమ్మీ?" మేడం నడుం పట్టుకుని నిలబడింది. "వాళ్లు దీన్ని చూసేదానికే గీయలేదు, నడిచేదానికి గూడా గీసినారని నేననుకుంటా. ఒక పక్క లోనికి పోయి, యాడా గీత దాటకుండా ఇంకో పక్క బయటికి రావల్ల. నువ్వు మూసేస్తే పిట్ట కడుపులోనే తిరగల్లనా?"

"మన కఫీల్ లెక్క జేసినవే," అన్నాడు మా ఆయన. మా పాస్‌పోర్టులు పట్టుకుని, దేశం దాటనీయని యజమాని గుర్తొచ్చి అందరం నవ్వాం. కలిపిన చోట రాళ్లు తిరిగి పరిచి గీతను తెరిచాను.

పొద్దుగూకేముందు పక్క దిబ్బ ఎక్కాం. ఒక రెక్క వంకరే, నాదే. అయినా పిట్ట పిట్టే. మేడం ఫొటోలు తీసుకుంది. తర్వాత కిందికి దిగి, ఒంటరిగా గీత వెంబడే లోపలికి నడిచి, చుట్టంతా తిరిగి బయటికి వచ్చింది. "ఇంగ పంపీమను," అంది. "నా పని అయిపాయె."

మేనేజరు అన్నట్టే ఆదివారం నుంచి నాకు పని లేదు. కొన్నాళ్లకు మేమూ ఊరికి వచ్చేశాం.

ఇప్పుడు రోజూ నా ముగ్గులో ఒక గీత తెరిచే ఉంటుంది. "కలుపవే, లచ్చిమి బయటికి పోతది," అని అత్తమ్మ రోజూ అంటుంది.

"పోవాలనుకుంటే పోనియ్యి అత్తమ్మా. నేనైతే ఎవ్వర్నీ లోపల పెట్టి మూయ."