దేవుడి పటం కింద జీరో బల్బు

ఉదయం ఏడుంపావుకు నా చెల్లెలు ఎలుకల గది తలుపు తీసింది. నారాయణగూడలో ఆమె రీసెర్చ్ చేసే కాలేజీ అది. ఏడింటికి వాటంతటవే వెలగాల్సిన ట్యూబ్‌లైట్లు ఆ రోజు వెలగలేదు. కిటికీలు లేని గది. అయినా బోన్లన్నీ కనిపించాయి. మూలన దేవుడి పటం కింద జీరో బల్బు వెలుగుతోంది. గది కొత్తగా ప్రారంభించిన రోజు పూజ చేసి ఆమె గైడ్ పెట్టించిన బల్బు. దేవుడి దీపం కదా, రాత్రి కూడా ఎవరూ ఆర్పరు.

ఎలుకలు రాత్రంతా చీకట్లో ఉండాలి. కొత్త ఎలుకను పెడితే మామూలుగా దగ్గరికెళ్లి వాసన చూస్తాయి. ఆమెవి మూలకు నక్కేవి. బల్బు సంగతి తెలియడానికి రెండు నెలల క్రితం గైడ్ అందరి ముందు అన్నాడు: “నీ చేతులే మంచిగ లేవమ్మా. భయపెట్టి పాడు చేసినవ్. సాకుడు రాకపోతే ఇంట్ల కూసో.” ఆ సాయంత్రం చిక్కడపల్లిలో మా ఇంట్లో ఆమె అన్నం తినలేదు.

బల్బు చూశాక రోజూ రాత్రి సగం బోన్లకు నల్లగుడ్డ కప్పింది. కొన్ని వారాలకు ఆ ఎలుకలు మళ్లీ కొత్తవాటి దగ్గరికి వెళ్లాయి. అది చెప్పి బల్బు తియ్యమంటే గైడ్, “తప్పు దేవుని మీద పెడుతున్నవా?” అన్నాడు. అంతా నోట్‌బుక్‌లో రాసుకుంది. వానాకాలంలో ఆమె డెంగీ వచ్చి చనిపోయింది.

సంతాప సభలో మాట్లాడమని కాలేజీవాళ్లు నన్ను పిలిచారు. ముందురోజు కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఆమె నోట్‌బుక్ పేజీలు నలభై జిరాక్సులు తీయించాను.

“ఏ ఎగ్జామ్‌ది అన్నా?” అంది షాపావిడ.

“ఎగ్జామ్ కాదు. ఎలుకలది.”

“గిప్పుడు ఎలుకల మీద సుత ఎగ్జామ్ పెడుతున్నరా!”

సభలో గైడే ముందు లేచాడు. రాత్రి మసక వెలుతురుకు ఎలుకలు కొత్తవాటితో కలవడం మానేస్తాయని తానే మొదట పసిగట్టానని, ఆమె తన మాట ప్రకారం పని చేసిందని చెప్పాడు. నేను కాగితాలు వరుసల్లో పంచి, ఆమె రాసింది చదివాను. బల్బు ఎవరు పెట్టారో, తియ్యమంటే ఎవరు తియ్యలేదో.

“ఇది టైం కాదన్నా,” అన్నాడు గైడ్.

“ఆమెను అందరి ముందు అన్నది ఏ టైం సార్?”

టీ ఇచ్చేటప్పుడు అతను మూల కుర్చీలో కూర్చున్నాడు. దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. అతని కప్పు ఖాళీ అయ్యేదాకా నేను చూశాను. నాకు సంతోషంగానే ఉండింది. ఇప్పటికీ ఉంది.

ఆ ఎలుకల గదిలో ఇప్పుడు రాత్రిపూట దేవుడి బల్బు వెలిగించడం లేదు.