ఉగ్గాని తెలియని మనిషి

ఎమ్మిగనూరు బస్టాండులో ఉగ్గాని తాలింపు వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

నా చిన్నప్పుడు ఆదోనిలో మా మిద్దెమీది గదిలో మనుషుల తీరుతెన్నులు చదివే ఆంత్రోపాలజీ మాస్టారొకాయన అద్దెకుండేవాడు. సాయంత్రాలు మాకు వేరే గ్రహాలవాళ్ల కథలు చదివి వినిపించేవాడు. వాళ్లు అచ్చం మనుషుల్లాగే ఉండి, నచ్చినవాళ్లను ఎత్తుకుపోతారట. కన్నీళ్లు మాత్రం రావట.

ఒకరోజు ఆయన మా వంటింట్లో కూర్చుని, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తున్న మా అవ్వతో, "అవ్వా, ఈ మరమరాలను నీళ్లలో ఎందుకు వేస్తున్నారు?" అన్నాడు. ఉగ్గాని తెలియనోడు ఈ భూమ్మీదోడు ఎట్లయితాడు? పైగా, "మా ఊరికి రండవ్వా, మావాళ్లకు చేసి చూపిద్దురు" అన్నాడు.

అవ్వను ఎత్తుకుపోతే నేనెవరి పక్కన పడుకోవాల? బుట్టెడు పచ్చిమిరపకాయలు దంచి ఆయన పళ్లెంలో కలిపితే, మనిషి దూలానికి తగిలేట్టు ఎగిరినాడు. ఇది నేను నా మనవళ్లకు కోసే కోతలే. నిజానికి కారం బజ్జీ ఒకటి ఆయన చేతికిచ్చి, కన్నీళ్లొస్తాయా లేదా అని తలుపుచాటు నుంచి తొంగిచూస్తా నిలబడినాను.

"మరి మీరేం తింటారవ్వా?" అన్నాడాయన.

"మిగిలితే తింటా నాయనా. ఇంతవరకు ఎవురూ అడగల్యా."

ఆయన కళ్లు నిండినాయి.

"కారమైందా నాయనా?" అంది అవ్వ. ఆయన తలూపినాడు. మనిషేలే అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

బజ్జీని ఆయన అప్పటికింకా కొరకనే లేదని చానా ఏళ్లకు గాని నాకు తట్టలేదు.