ఫ్రెంచి వీడియోలో నా చెయ్యి కనబడదు

మా చిన్నతనంలో మరాఠీని మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు...

మాది పాన్‌గల్ దగ్గర ఊరు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మానాన్నలు కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రీ వెంట పుణె పనికి పోతూ నన్నూ తీసుకుపోయారు. కట్టే బిల్డింగు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు ఒకే ఒక్క నల్లా... పొద్దున్నే బిందెల వరస. అక్కడ నిలబడాల్సింది నేనే. అమ్మ అప్పటికే సిమెంటు తట్ట నెత్తికెత్తుకునేది.

మొదటి వారం నా బిందెను అందరూ వెనక్కి నెట్టేవాళ్లు. అడగడానికి నాకు మాట రాదాయె... రెండో వారానికి "మాఝా నంబర్ ఆహే" అని అరవడం వచ్చింది. ఇది నా వంతు అని. పక్క షెడ్డు సంగీత అరుస్తుంటే విని పట్టుకున్నాను. ఇక ఇసుక కుప్ప మీద దానితోనే ఆట, దానితోనే కొట్లాట. నేను తప్పు మాట్లాడితే అది పడీపడీ నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. మూడు నెలల్లో కిరాణా కొట్టులో అమ్మకు ఏం కావాలో నేనే అడిగేదాన్ని. అమ్మ ఒక్కసారి కూడా శభాష్ అనలేదు. ఆమెకు నూనె దొరికింది, చాలు.

ఆ షెడ్ల బతుకు గొప్పదని అనడం లేదు... దోమలు, ఒంటినిండా సిమెంటు దురద, ఆ ఏడాది బడి కూడా పోయింది. కానీ కొత్త మాట అంటే భయం మాత్రం నాకు తెలియదు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాం. నా బిడ్డ అక్షర రెండో తరగతి. ఈ ఏడు వాళ్ల బడిలో ఫ్రెంచి పెట్టారు. నేను ఎగిరి గంతేశాను కూడా. ఇంట్లో తల్లిదండ్రులు సాయం చేయాలన్నారు... సాయం అంటే ఏమీ లేదు, ప్రతి శనివారం పిల్ల నవ్వుతూ ఎనిమిది ఫ్రెంచి వాక్యాలు చెప్పే వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

నాకు ఫ్రెంచి ఏం తెలుసు, నా బొంద! ఫ్రెంచి సారు పంపిన వాయిస్ మెసేజ్ విని, తెలుగు అక్షరాల్లో అట్ట మీద రాసి, ఫోను పక్కన పట్టుకుని నిలబడతాను. తల్లులందరిదీ ఇదే పనని తర్వాత తెలిసింది. ఏ వీడియోలో చూసినా పిల్లల కళ్లు ఒక పక్కకే ఉంటాయి... కింద మాత్రం చప్పట్ల బొమ్మలు. రోత పుడుతుంది.

మొన్న శనివారం నాలుగో వాక్యం దగ్గర పిల్ల ఆగింది.

"అమ్మా, ఇది ఎవలతోని మాట్లాడాలె?"

ఎంత మంచి ప్రశ్న... నేనేమన్నానో తెలుసా?

"నోరు మూస్కొని చెప్పు."

పదకొండోసారి కూడా తప్పింది. పన్నెండోసారి తీసేముందు తొడపాశం పెట్టాను. వీడియోలో ముఖమే కదా పడేది... కళ్లు తుడుచుకుని, పళ్లు కనబడేలా నవ్వి, ఎనిమిదీ తప్పు లేకుండా చెప్పింది. గ్రూపులో పెట్టేశాను. పిల్లకు సాయం చేసే తల్లి ఎట్లా ఉండాలో ఈమెను చూసి నేర్చుకోండని సారు మెచ్చుకున్నాడు.

అన్నం తింటూ ఆ వీడియో మళ్లీ చూశాను. ఆ తడి రెప్పలు, ఆ నవ్వు... థూ, నా బతుకు అనిపించింది. సారు మీదకంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

గ్రూపులోంచి ఆ వీడియో తీసేసి, ఇకమీద మా పిల్లది రాదని అక్కడే రాశాను. కాసేపటికే సారు ఫోన్ చేశాడు.

"పాప వెనకబడతది మేడం, జర ఆలోచించుండ్రి."

"పడనీ సార్," అని పెట్టేశాను. అంతటితో పీడ వదిలిందనుకున్నాను.

ఆదివారం పొద్దున ఊళ్లో ఉన్న అమ్మతో మాట్లాడదామని ఫోను చేతిలోకి తీశాను. వాకిట్లో ఆడుకుంటున్న అక్షర అది చూసి, పిలవకుండానే గబగబా లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. గౌను మోకాళ్ల మీదికి లాక్కుంది. రెండు అరచేతులూ తొడల మీద గట్టిగా అదిమిపెట్టుకుంది... నా వైపు చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

ఫోను పక్కన పడేసి దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అది తొడల మీంచి చేతులు మాత్రం తీయలేదు...

మా రోజుల్లో మాటలు నేర్చుకుంటుంటే మమ్మల్ని ఎవరూ చూసేవాళ్లే కాదు. అదెంత అదృష్టమో ఇప్పుడు తెలుస్తోంది. మీరు చిన్నప్పుడు పరాయి మాట ఏది, ఎవరి దగ్గర పట్టుకున్నారో కింద రాయండి... పిల్లల వీడియోలు మాత్రం పెట్టకండి.