కోయిలకుంట్ల పందెంలో నేను పట్టిన గడియారం

కోయిలకుంట్ల బండలాగుడు పందెంలో కాలం సరిగ్గా చూశానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. అది అబద్ధం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో గుంటూరు నుంచి వెళ్లి ఆ పందెం చూశాను. గడువులోగా బండను ఎక్కువ దూరం లాగిన జతదే గెలుపు. కాలం చూసే రైతు నాగప్ప చేతికి స్టీలు గడియారం. మీట నొక్కితే సెకన్ల ముల్లు పరుగెత్తేది, మళ్లీ నొక్కితే ఆగేది. గుమాస్తానైన నాకు లేనిది ఇతనికెలా వచ్చిందని కడుపు మండింది.

తన ఎద్దుల వంతు రాగానే నాగప్ప గడియారం విప్పి నాకిచ్చాడు.

"నా ఎద్దులు పోతాండాయి, నేను చూడగూడదు. నువ్వు చూడప్పా."

"ఇంతమంది ఉండగా నేనా?"

"ఈడ అందరూ నాకు సుట్టాలేనప్పా! నువ్వొక్కడివే పరాయోడివి."

గడువుకు ఇరవై సెకన్ల ముందే "అయిపోయింది" అని అరిచాను. అతని ఎద్దులు మూడడుగుల తేడాతో ఓడిపోయాయి.

"శానా బాగా చూసినావప్పా" అంటూ నాగప్ప మజ్జిగ చెంబు అందించాడు. అంతా తాగేశాను.