ఒక్కసారి అడిగి వెళ్ళిపోయారు

మా అత్త ఇంట్లో అన్నం అడిగి తినడమన్నది లేదు. ఆకలేస్తోందని నోరు తెరిచి చెబితే, పెట్టేవాళ్ళకి బుద్ధి లేదని చెప్పినట్టే. తింటావా అని అడగ్గానే తయారైపోవడం అంతకన్నా నామోషీ. మొదటిసారి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి గాని కాస్త మెత్తగా అనాలి. మూడోసారికి పీట వాల్చి కంచం పెట్టేసి ఉంటారు, ఇక అనడానికేమీ మిగలదు. ఎవరైనా చుట్టం ఒక్క మాటకే కూర్చుంటే, అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, "కరువులోంచి ఒచ్చినట్టున్నాడు, పాపం" అని మా అత్త మూతి తిప్పేది. ఆ పాపం అన్న మాటలో జాలి ఏమీ ఉండేది కాదు.

ఆమె నాకు మేనత్త. ఊహ తెలియని వయసులో అమ్మ పోతే తీసుకొచ్చి పెంచింది. కళింగపట్నానికి కాలినడకన వెళ్ళి రాగలిగే ఊరు మాది. వరి, మేం చోళ్ళనే రాగులు, నువ్వులు పండేవి. నేను పెద్దయ్యాక ఆమె కొడుకు, మా బావకే ఇచ్చి చేశారు. అంచేత నాకు పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే, అన్నానికి పిలిచే గొంతూ ఒకటే.

"తింతావేటే?"

"ఒద్దత్తా."

"ఏటొద్దు, కూకో."

పూటపూటకీ ఇదే భాగవతం. ఒక్కోసారి విసుగొచ్చి, వద్దన్నప్పుడు వదిలెయ్యొచ్చు కదా అనుకునేదాన్ని. ఆమె వదిలేస్తే ఏమవుతుందో అప్పటికి నాకు తెలీదు.

బావ లెక్కల మాస్టారు. అరవైల చివర్లో, ఆఫ్రికాలో జాంబియా అనే దేశంలో మాస్టర్లు కావాలంటే వెళ్ళాడు. అప్పటికి పాప నా కడుపులో ఉంది. పాపకి అయిదో నెల వచ్చాక, ఇల్లు దొరికింది, పంపించమని కబురు చేశాడు. ఊళ్ళో అందరూ విమానం గురించి అడిగారు. ఎగిరేటప్పుడు కళ్ళు తిరుగుతాయా, కిటికీలోంచి సముద్రం కనబడుతుందా అని. మా అత్త మాత్రం ఒక్కటే అడిగింది.

"అన్ని గంటలు కూకోబెడతారు కదా, కూడెవులు పెడతారే?"

ఆ భయానికి కారణం ఉంది. నాకు పాలు చాలేవి కావు. పురుటి నుంచీ అదే అవస్థ. మా అత్త కళింగపట్నం రేవుకి వెళ్ళి ఎండు సొరచేప కొనుక్కొచ్చి, వేయించి, వెల్లుల్లి వేసి దంచి, వేడన్నంలో కలిపి పెట్టేది. సొర తింటే బాలింతకి పాలు పడతాయి. రెండు పూటలా కడుపు నిండా తింటే పాపకి సరిపోయేవి. ఒక్క పూట తప్పితే రొమ్ము పట్టి, కాసేపు లాగి, వదిలేసి, నా మొహంలోకి చూసి ఏడ్చేది. ఆవుపాలు పట్టబోతే ఉమ్మేసేది. సీసా నోటి దగ్గరికి తెస్తే మొహం తిప్పేసుకునేది.

"నీ ఆకలి నీది కాదే, ఈ గుంటది. కడుపు కాళీ సేసుకున్నావంటే నాను ఊరుకోను" అని బయల్దేరే ముందు మా అత్త చెప్పింది. ఆమె ఊరుకోకపోవడానికి అక్కడ ఉండదని ఇద్దరికీ తెలుసు. చెప్పి కాసేపు పెరట్లోకి పోయింది.

రేకు పెట్టె నిండా తిండే సర్దింది. అటుకులు, వేయించిన చోడిపిండి, నువ్వులూ బెల్లం దంచి చుట్టిన చిమ్మిరి ఉండలు, సీసా నిండా సొరపొడి. వేడినీళ్ళు పోసుకుంటే చాలు, చోడిపిండి జావైపోతుంది. నాకొక్కదానికి అంతెందుకంటే, పక్కనున్నోళ్ళకి పెట్టకుండా ఎలా తింతావే అంది.

బావ వాళ్ళ నాన్న, మా మావ, నన్ను బొంబాయి దాకా దిగబెట్టాడు. ఆమదాలవలసలో రైలెక్కాం. దారిలో బండి మారాం. మూడో తరగతి పెట్టెలో తిండికి లోటేముంటుంది? మావ మూట విప్పగానే, ఎదుటివాళ్ళని అడగందే మేం ముట్టుకోలేదు. వాళ్ళు వద్దన్నారు. మావ మళ్ళీ అడిగాడు. తెలుగు దేశం దాటాక కూడా ఆ పద్ధతి మారలేదు. ఒక మరాఠీ ముసలావిడ రొట్టె మీద పచ్చడి వేసి నా ముందు చాపింది. నేను తల ఊపి వద్దన్నాను. ఆవిడ ఏదో అంది. మళ్ళీ వద్దన్నాను. ఈసారి నా చెయ్యి పట్టుకుని రొట్టె అందులో పెట్టి, నా వేళ్ళు మూసేసింది. లోకమంతా మా అత్త ఇల్లే అనుకున్నాను.

విమానాశ్రయంలో రేకు పెట్టె తూచి, కాగితం ముక్క కట్టి, బండి మీద పడేశారు. మావకి అనుమానమొచ్చి, వచ్చీరాని హిందీలో, పెట్టె విమానంలోనే వస్తుంది కదా అని అడిగాడు. విమానంలోనే అన్నారు. మావ స్థిమితపడ్డాడు. మాకు తెలిసిన ప్రయాణంలో పెట్టె సీటు కిందే ఉంటుంది, కాళ్ళకి తగులుతూ ఉంటుంది. విమానానికి కడుపు వేరే ఉంటుందని, పెట్టెలన్నీ అందులోకి పోతాయని మాకెవరు చెప్పారు?

"ఏటి పెట్టినా తినీ. మొగమాటపడకు" అన్నాడు మావ, కటకటాల అవతలే ఆగిపోతూ. మొగమాటపడకు అన్నది మా వైపు అందరూ అందరికీ చెప్పే మాట. విని మొగమాటం మానేసిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ మాట అన్న ఆయనే పొందూరు కండువాతో కళ్ళు తుడుచుకోవడానికి కూడా మొగమాటపడి, మొహానికి పట్టిన చెమట తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాడు.

నా సీటులో కూర్చోగానే వంగి కిందకి చూశాను. పెట్టె లేదు. నా పక్కన పాప ఉయ్యాలగుడ్డలున్న సంచీ ఒక్కటే ఉంది. అటు పక్క సీటులో ఒక పెద్ద వయసు తెల్లాయన పేపరు తెరిచి పట్టుకుని ఉన్నాడు. విమానం ఎగిరింది. కళ్ళు తిరిగాయో లేదో నాకు గుర్తు లేదు. పెట్టె ఎక్కడుందా అని ఆలోచిస్తూ ఉండిపోయాను.

ముందు వైపు ఒక తెర ఉండేది. దాని అవతల పెద్ద టిక్కెట్టు వాళ్ళు. అక్కణ్ణుంచి గాజు గ్లాసుల చప్పుడు, కాసేపటికి వేడివేడి కూరల వాసన వచ్చాయి. మా వైపు తలకొక పళ్ళెం. నీలం గౌను వేసుకున్న తెల్లపిల్ల ఒకామె చేతుల మీద పళ్ళేలు తెస్తోంది. పక్కాయన ముందున్న బల్ల వాల్చుకోవడం చూసి నేనూ వాల్చాను. ఆమె నా దగ్గరికి వచ్చి, పళ్ళెం కాస్త ముందుకు చాపి, ఏదో అడిగింది. మాటలు అర్థం కాకపోయినా అడిగింది అన్నమే కదా.

నేను తల అడ్డంగా ఊపి, కొంచెం నవ్వి, "నో" అన్నాను. మళ్ళీ అడగమని ఆ నవ్వులోనే ఉంది. మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుస్తుంది.

ఆమె కూడా నవ్వింది. నాకన్నా చక్కగా నవ్వింది. ఆ పళ్ళెం పక్కాయనకి ఇచ్చి వెళ్ళిపోయింది.

వెళ్ళి మళ్ళీ వస్తుందనుకున్నాను. వరసంతా పంచాక, తీరిగ్గా వచ్చి అడుగుతుందని బల్ల వాల్చే ఉంచాను. పక్కాయన మాంసం కోసుకుని తిన్నాడు, ఏదో తియ్యటిది తిన్నాడు. కాగితంలో చుట్టిన చిన్న రొట్టె మాత్రం విప్పనేలేదు. నా చూపు దాని మీదే ఉంది. మా వైపువాడైతే నా చూపు చూసి ఆ రొట్టె ఎప్పుడో నా చేతిలో పెట్టేవాడు. ఆయన నా వైపు చూడకపోవడమే మర్యాద అనుకున్నాడు కాబోలు. నీలం గౌను పిల్ల వచ్చింది. ఆమె ఆయన పళ్ళెం రొట్టెతో సహా తీసుకుని, నా బల్ల పైకి మడిచి, గొళ్ళెం తిప్పి పోయింది.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆకలికి కాదు. విమానం నిండా ఇంతమంది ఉన్నారు, నేను తిన్నానో లేదో చూసే మనిషి ఒక్కరు లేరు. పుట్టాక అలాంటి పూట నాకదే మొదటిది.

దారిలో ఏడెన్ అనే రేవు ఊళ్ళో విమానం ఆగేసరికి పాప ఏడుపు మొదలుపెట్టింది. పట్టుకుంది, లాగింది, వదిలేసింది. ఇటువైపు మార్చాను, అంతే. నీలం గౌను పిల్ల పరుగున వచ్చి సీసా చూపించి అడిగింది. పిల్ల సంగతికొచ్చేసరికి మర్యాదలేవీ గుర్తు రాలేదు, ఒక్క మాటకే తల ఊపాను. గోరువెచ్చని పాలు తెచ్చింది. పాప ఉమ్మేసింది. ఆమె జాలిగా పాప బుగ్గ తాకి, ఇంకేదో అని వెళ్ళింది. మంచి పిల్లే. పిల్ల ఆకలి ఆమెకి తెలిసింది. పిల్లకి పాలు నా కడుపులోంచి రావాలన్నది తట్టలేదు.

అడగొచ్చు కదా అంటారు. ఎనిమిదో తరగతి దాకా చదివాను, ఇంగ్లీషులో ఆకలిని ఏమంటారో తెలుసు. "ఐ యామ్ హంగ్రీ" అని లోపల ఒకటికి పదిసార్లు అనుకున్నాను. తెలుగులో పెంచిన అత్తకి కూడా చెప్పని మాట, ఆ గాల్లో, ఒక పరాయి పిల్లతో నా నోట ఎలా వస్తుంది? రాలేదు. ఈసారి అడిగితే మాత్రం ఒక్క మాటకే ఊఁ అనాలి, కరువులోంచి వచ్చానంటే అననీ అని గట్టిగా నిశ్చయించుకున్నాను.

ఏడ్చి ఏడ్చి పాప పడుకుంది. దాన్ని ఒళ్ళో వేసుకుని నేనూ ఎప్పుడో కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి కాఫీ వాసన, ఖాళీ పళ్ళేలు ఏరుతున్న చప్పుడు. రెండో భోజనం అయిపోయింది. నా మీద ఎవరో మెత్తని దుప్పటి కప్పారు, పాప కాళ్ళు కూడా కప్పారు. మా ఇంట్లో దుప్పటి కప్పడాలు ఎవరికీ తెలీవు. తినకుండా పడుకుంటే మాత్రం భుజం పట్టి కుదిపి, నిద్రకళ్ళతోనే గోడకి చేరగిలబెట్టి ముద్దలు పెడతారు. ఆ దుప్పటి కింద నేను మా అత్త చేతి కోసం ఏడ్చాను. పక్కాయన పేపరు ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు.

నైరోబీలో విమానం మారాం. రెండోది చిన్నది. ఈసారి ఏమడిగినా ఊఁ అందామని నిటారుగా కూర్చున్నాను. పిప్పరమెంటు బిళ్ళల పళ్ళెం ఒక్కటే వచ్చింది. రెండు తీసుకున్నాను, అడిగించుకోకుండానే. పాపకి ఏడవడానికి కూడా ఓపిక లేదు. నా రవిక గుండీ పట్టుకుని ఊరికే నోరు కదుపుతోంది. బావ దగ్గరికి చేరితే చాలు, మా అత్త కొడుకు, చెప్పకుండానే తెలుసుకుంటాడు అనుకుంటూ దారంతా వెళ్ళాను.

బావ చిక్కిపోయాడు. పాపని ఎత్తుకోవడం చేతకాక, రెండు చేతుల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఇంటికి తీసుకెళ్ళాడు. ఒక గది, ఒక వంటిల్లు, ఒక కంచం, ఒక గ్లాసు. నా కోసం కొన్న రెండో కంచానికి కొట్టువాడి కాగితం ఇంకా అంటుకునే ఉంది. పొయ్యి మీద అన్నం, పప్పు వండి ఉంచాడు. రేకు పెట్టె మూల పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి అడిగాడు.

"తింతావేటే?"

అచ్చంగా మా అత్త గొంతే. అంతసేపు ఆకాశంలో దేనికోసం ఎదురుచూశానో అది వినిపించింది. ఆ సంబరంలో, తెలియకుండానే, అలవాటు కొద్దీ, "ఒద్దు బావా" అనేశాను.

"సరే, అలిసిపోయుంటావు. పడుకో" అన్నాడు బావ. అని, గిన్నె మీద మూత పెట్టేశాడు.

అతని మొహంలోకి చూశాను. కోపం లేదు, పరాకు లేదు. ఏడాదికి పైగా ఆ ఇంట్లో అతణ్ణి అన్నానికి పిలిచినవాళ్ళు లేరు, అతను పిలవడానికి మనిషి లేదు. రెండోసారి అడగాలన్నది అతనికి నిజంగా గుర్తు లేదు. నా ఆకలి ఎంత బాధపెట్టిందో గాని, అది చూసి నాకు అంతకన్నా బాధ కలిగింది.

పాప నోరు ఇంకా కదులుతూనే ఉంది.

"తింతాను బావా. ఆకలేస్తంది" అన్నాను. జన్మలో మొదటిసారి.

బావ కంగారుపడి మూత తీసి వడ్డించాడు. పెట్టె విప్పి సొరపొడి సీసా తీసుకున్నాను. మూత తిప్పగానే మా వంటిల్లు గుప్పుమంది. బావ ఆ వాసనకి అక్కడ నిలబడలేక, పాపని ఎత్తుకుని గుమ్మం దగ్గరికి పోయి, అటు తిరిగి నిలుచున్నాడు. నేను కంచం ఖాళీ చేశాను. సగం ఆకలి కూడా తీరలేదు. గిన్నెలో అన్నం ఉంది. మారు అడుగుతాడేమోనని, చెయ్యి కంచంలోనే ఉంచుకుని కూర్చున్నాను. బావ ఇటు తిరగలేదు.

ఇంకాస్త తింతావేటే అని నన్ను నేనే అడిగాను, పెదవుల్లోనే, మా అత్త గొంతుతో. ఒద్దత్తా అన్నాను. మళ్ళీ అడిగాను. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడిగి, ఎడం చేత్తో గరిటె అందుకున్నాను.