మోడు కోసం పెట్టిన పదును

1995 ఎండాకాలం. గగన్‌పహాడ్‌లో బెంగుళూరు రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక వెల్డింగ్ మిషను, ఒక గ్రైండర్, గోడకు వేలాడే ఆకురాళ్ళు, మూలన ఎవరో కిరాణా కొట్టు మూసేస్తూ ఇచ్చిన తక్కెడ. నాగలి కర్రు నుంచి ఫ్యాక్టరీ కట్టర్ దాకా పదును పెట్టాల్సింది ఏదైనా నా దగ్గరికే వచ్చేది. ఆ పని మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. పక్కన నిలబడి ఎలా పట్టాలో చెప్పేవాళ్ళు వస్తే, వాళ్ళ పనిముట్టు వాళ్ళ చేతిలోనే పెట్టి దండం పెట్టేవాడిని.

అప్పట్లో మా వైపు ద్రాక్ష తోటలు బాగా ఉండేవి. కొత్వాల్‌గూడ దగ్గర ఒక తోట ఆసామి తన ట్రాక్టర్‌కు బ్రష్ కట్టర్ కొన్నాడు. ట్రాక్టర్ వెనక తగిలించే పెద్ద ఇనుప డొప్ప అది. దాని కింద రెండు మందపాటి బ్లేడ్లు గిర్రున తిరుగుతూ పొదల్ని నరికేస్తాయి. ఇంజను తిప్పుడును అక్కడిదాకా తెచ్చే ఇరుసును పీటీఓ షాఫ్ట్ అంటారు. బ్లేడ్లు ఒక్కో బోల్టు మీద వదులుగా ఊగుతుంటాయి. రాయి తగిలితే వెనక్కి మడుచుకుని తప్పుకుంటాయి. ఇలాంటి వాటికి కొడవలిలా అంచు తీయకూడదు. రూపాయి బిళ్ళంత మందం వదలాలి. నరకడానికి తిరిగే వేగమే చాలు. అంచు పలచనైతే మొదటి రాయికే పెచ్చు లేచిపోతుంది.

ఒకరోజు తోట డ్రైవర్ యాదయ్య ఆ రెండు బ్లేడ్లూ భుజాన వేసుకుని వచ్చాడు. వెనకే యాభై ఏళ్ళ ఆడమనిషి, చేతిలో పేపరు పొట్లం.

"అన్నా, జర గ్రైండింగ్ పట్టియ్యి. ఎప్పటి లెక్కనే" అన్నాడు యాదయ్య.

"ఎప్పటి లెక్క వద్దు తమ్మీ" అందామె.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె అదేమీ పట్టించుకోకుండా పొట్లం విప్పింది. లోపల రెండు నందివర్ధనం కొమ్మలు ఉన్నాయి.

"గిది నేను కొడవలితోటి కోసిన. గిది తోట కంచె కాడ ఈ బండి కొట్టింది. నువ్వే సూడు."

మొదటిది నున్నగా తెగి ఉంది. రెండోది నమిలి పారేసిన వేపపుల్లలా పీచులు పీచులుగా ఉంది.

"గిట్ల పీసులైతే మోడు మల్ల చిగురెయ్యది. ఎండిపోతది."

"పొదలు కొట్టెయ్యడానికే గదా అక్కా బండి తెచ్చేది. ఎండిపోతే నీకేం పరేషాన్?"

అప్పుడు చెప్పింది. ఆమె పేరు ఎస్తేరమ్మ, శంషాబాద్ దవాఖానలో ఆయా. వాళ్ళ ఊరి బయట క్రైస్తవుల సమాధుల స్థలం ఒకటుంది. వెనకటి రోజుల్లో రాతి సిలువ నిలబెట్టుకోగలిగిన ఇళ్ళు అక్కడ నాలుగైదే. మిగతావాళ్ళు సమాధి తలవైపున ఒక పూల మొక్క నాటేవాళ్ళు, అదే గుర్తు. పెళ్ళైన కొత్తలో పోయిన పిల్లకు గోరింట, ఇంటిపెద్దకు గన్నేరు, ఇట్లా ఎవరికి తోచింది వాళ్ళు. ఎస్తేరమ్మ తల్లికి నందివర్ధనం నాటారు. కొన్నేళ్ళు ఎవరూ చూడకపోయేసరికి సర్కారు తుమ్మా ముళ్ళపొదలూ కలిసి ఆ జాగానంతా మింగేశాయి. లోపలికి మనిషి దూరే సందు లేదు. సంఘ పెద్దలు విసిగిపోయి, వానలకు ముందే నిప్పు పెట్టి శుభ్రం చేద్దామన్నారు.

"మంట పెడితే ఏర్లు గిట్ట కాలిపోతయి తమ్మీ. అప్పుడు మా అమ్మ ఏడున్నదో ఎవలకెరుక? బతిలాడితే ఆసామి ఒక్కరోజుకు బండి ఇస్తనన్నడు. తుమ్మలు తెగాలె, మా అమ్మ చెట్టు బతకాలె."

నా కోపం ఎటుపోయిందో తెలియదు. కానీ చిక్కు మాత్రం నిజమైనది. మందం అంచు పెడితే మోళ్ళు చీలిపోతాయి. పలచటి అంచు పెడితే రాతి సిలువలకు తగిలి బ్లేడు పోతుంది. పొదల్లో రాయి ఎక్కడుందో, మొక్క ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

"మాటియ్యను అక్కా. చేసి చూస్త" అన్నాను.

బ్లేడ్‌కు పాత వాలు ఎలా ఉందో అలాగే పట్టుకుని మెల్లగా అరగదీశాను. క్షణం ఎక్కువ నొక్కితే ఇనుము నీలం తిరుగుతుంది. నీలం తిరిగిందంటే దాని టెంపర్, అంటే గట్టిదనం పోయినట్టే. అందుకని మాటిమాటికీ నీళ్ళలో ముంచాను. తర్వాత రెండింటినీ తక్కెడలో చెరోవైపు పెట్టాను. ఒకటి బరువెక్కువైతే మిషనంతా వణికి బేరింగులు తినేస్తుంది. ముల్లు నిలిచేదాకా బరువైనదాన్ని ఇంకొంచెం అరగదీశాను. నా జీవితంలో బ్రష్ కట్టర్‌కు అంత సన్నటి అంచు అదే మొదలు.

"యాదయ్యా, సిలువలు మోకాలి కన్న పొట్టియేనంట, డొప్పను మోకాలి ఎత్తున పట్టి నడుపు. కిందికి దించినవంటే బ్లేడూ పోతది, నా పేరూ పోతది."

సన్నటి అంచు తొందరగా మొద్దుబారుతుంది. ఆ జాగాలో కరెంటు లేదు. అందుకే ఆకురాళ్ళు సంచిలో వేసుకుని నేనూ వెళ్ళాను. రెండు మూడు చుట్లు కాగానే బండి ఆపించి, తాళంచెవి నా జేబులో వేసుకునేవాడిని. డొప్పను పైకెత్తి కింద మొద్దులు పేర్చేవాణ్ణి. లిఫ్ట్ ఒక్కదాన్నే నమ్మి దాని కింద దూరడమంటే చావును పిలవడమే. తర్వాత పడుకుని చేత్తో అంచు దిద్దేవాడిని.

"అన్నా, గడ్డం గీసుకునేటందుకు పెడుతున్నవా ఏంది?" అని నవ్వేవాడు యాదయ్య.

సాయంత్రానికి జాగా అంతా మోకాలెత్తు మోళ్ళతో నిండిపోయింది. రాతి సిలువలు ఒక్క గీత లేకుండా బయటపడ్డాయి. ఎస్తేరమ్మ మోడు మోడుకూ వంగి చూస్తూ తిరిగింది. ఏది ముల్లో, ఏది పూలమొక్కో ఆకు లేకుండా తెలియడం లేదు. కొన్ని మోళ్ళ మీద మాత్రం తెల్లటి పాలు ఉబికి నిలిచాయి. నందివర్ధనానికి పాలు కారతాయి, జిల్లేడుకూ కారతాయి. ఆమె ఒకదాన్ని వేలితో తాకి చూసింది.

"పాలొస్తున్నయంటే పానం ఉన్నట్టే" అంది. ఒక్కటీ చిగురించకపోతే ఆమెకు ముఖం ఎలా చూపించాలన్నదే నా భయం.

వానలు పడ్డాయి. నేను పనిలో మునిగిపోయాను. ఒక ఉదయం ఎస్తేరమ్మ షెడ్డు ముందు ఆటో దిగి, "తమ్మీ, ఓసారి రా" అంది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

వెళ్ళి చూసి నిలబడిపోయాను. తుమ్మలు మళ్ళీ వచ్చాయి కానీ లేతవి, ఊరివాళ్ళు కొడవళ్ళతో ఎప్పటికప్పుడు కోసేశారు. మిగిలినవి పూలమొక్కలు. గన్నేరు, గోరింట, నందివర్ధనం, మళ్ళీ గన్నేరు, ఒకదాని పక్కన ఒకటి గీత గీసినట్టు వరసలు. ముళ్ళ అడవి అనుకున్న చోట ఒక ఊరంత మంది పడుకుని ఉన్నారు, ఒక్కొక్కరి తల దగ్గరా పచ్చటి చిగురు లేచి ఉంది. చెప్పులు ఎప్పుడు విడిచానో గుర్తులేదు. ఎవరో ముసలాయన మనవరాలికి చూపిస్తూ, "గిది మా తాత. గామె మా పెద్దమ్మ" అంటూ మొక్కల్ని పలకరిస్తున్నాడు.

ఎస్తేరమ్మ నన్ను చివరి వరసకు తీసుకెళ్ళింది. అక్కడ పక్కపక్కనే రెండు నందివర్ధనాలు చిగురించాయి.

"రెండిట్ల ఏది మా అమ్మదో నాకెరుక లేదు. ఆ రెండోదాని వాళ్ళు ఊరిడిచిపోయి ఎన్నేండ్లాయెనో. అడుగుదామంటే ఎవరూ లేరు."

"మరెట్ల అక్కా?"

ఆమె అక్కడ నింపి పెట్టిన బిందెలోని నీళ్ళు ఒక మొక్కకు సగం పోసి, బిందె నా చేతికిచ్చింది. "ఇగ దానికి నువ్వు పొయ్యి. నీ పదును వల్లనే గద అది లేసింది."

పోశాను. ఎవరి తల్లో తెలియదు, నా తల్లి కూడా కావచ్చనిపించింది ఆ క్షణాన.

అంతకుముందు పదునంటే ఏది తెగి పడిందన్నదే చూసేవాణ్ణి. ఆ తర్వాత ఎవరు బ్లేడు తెచ్చినా, కోసినచోట ఏం మిగలాలో ముందు అడిగాకే గ్రైండర్ స్విచ్ వేశాను. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు విసుక్కునేవాళ్ళు. అయినా ఆ ప్రశ్న అడగకుండా నేను ఏ అంచూ ముట్టుకోలేదు.